వాగు అవతలి రొట్టె: మెడలు వాల్చిన కోళ్ళు

ఓజెల్లా టేట్‌ను మట్టి చేసి ఆ మంగళవారానికి పది రోజులు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు కాబట్టి చర్చి ఆడవాళ్ళు గిన్నెలకు గిన్నెలు వండి తెచ్చిపెట్టారు. ఆ గిన్నెలన్నీ కూతురు వెర్లీన్ కడిగి, తుడిచి, ఎవరివి వాళ్ళకు చేర్చింది. ఏది ఎవరిదో వెతుక్కునే పని లేదు. అడుగున తెల్ల పట్టీ అంటించి పేరు రాసి పంపడం ఆ డెల్టా పల్లెల్లో అలవాటు. ఒక్క పళ్ళేనికి మాత్రం పేరు లేదు. తెల్లటి పింగాణీ పూత, నీలం అంచు. సమాధి చేసిన రోజు వెనక వరండాలో ఎవరో పెట్టిపోయారు. అందులో పది ముక్కలు కాల్చిన రొట్టె, దాని మీద మెదిపిన బొబ్బర్లు. వెర్లీన్ ఒక ముక్క కొరికి ఆ మెట్ల మీదే కూలబడింది. అది తన తల్లి చేతి రుచి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ హోటల్లో శుక్రవారం, శనివారం జనం వరసలో నిలబడి తిన్న రుచి. ఓజెల్లా ఎవరికీ నేర్పకుండా తనతో తీసుకుపోయిందనుకున్న రుచి.

ఆ పళ్ళెం వాగు అవతల ఉండే ఇటలీ వాళ్ళదని చర్చి ఆడవాళ్ళలో పెద్దదైన సిస్టర్ హాటీ గుర్తుపట్టింది. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఒక్క ముసలామె, అసుంతా పియెరీని. ఓజెల్లా, ఆమె మాట్లాడుకోక నలభై ఏళ్ళయిందని కూడా హాటీ చెప్పింది. ఎందుకని అడిగితే వాన గురించి మాట్లాడింది.

ఫిబ్రవరి వాన అది. కురుస్తున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. దున్నని పత్తి చేలలో నిరుటి మోళ్ళు నల్లగా నిలబడి ఉన్నాయి. చెక్క వంతెన మీద కారు చప్పుడుకు బురదలోని కొంగ ఒకటి లేచింది, ఎటు పోవాలో తోచనట్టు మళ్ళీ అక్కడే వాలింది. వంతెన దాటి అటు వెళ్ళడం వెర్లీన్‌కు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. ఇంటి నుంచి చూస్తే కనబడే ఇల్లే. మైలు దూరం కూడా లేదు. అయినా తల్లి అటు చూడనిచ్చేది కాదు.

చావు ఇంటి పళ్ళెం ఒట్టిది తిరిగి ఇవ్వకూడదు. పొద్దున్నే టీ కేకులు చేసి, గుడ్డ కప్పి తెచ్చింది.

దోమతెర తలుపు వెనక అసుంతా నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి. నల్ల గౌను, నల్ల మేజోళ్ళు. వేళ్ళ కణుపులు వెల్లుల్లి గడ్డల్లా ఉబ్బి ఉన్నాయి. వచ్చిందెవరో ఆమెకు చెప్పనక్కరలేకపోయింది. తలుపు తీసి, పళ్ళెం అందుకుని, గుడ్డ ఎత్తి వాసన చూసింది.

"జాజికాయ తక్కువైంది. మీ అమ్మైతే ఇంకో చిటికెడు వేసేది."

"మా అమ్మ టీ కేకులు మీరెప్పుడు తిన్నారు, మిస్ అసుంతా?"

"నీకు పాలపళ్ళున్నప్పుడు. లోపలికి రా. కాళ్ళు తుడుచుకో."

వంటింట్లో చిన్న బల్ల, మూడు కుర్చీలు. మూడో కుర్చీ మీద పాత పత్రికలు పేర్చి ఉన్నాయి, చాలాకాలంగా అందులో ఎవరూ కూర్చోనట్టు. పేరు ఎందుకు రాయలేదని వెర్లీన్ అడిగింది.

"రాస్తే నువ్వొస్తావని రాయలేదు. రాయకపోయినా వచ్చావు. ఆ హాటీ నోటికి సమాధి రాయి పెడితే గాని మూతపడదు."

వెర్లీన్‌కు నవ్వు రాలేదు. ఆమె మాటలు ముందే కూడబలుక్కుని వచ్చింది. హోటలు మూసి పది రోజులైందనీ, బొబ్బర్ల రొట్టె ఎప్పుడని దారిలో కనబడిన వాళ్ళందరూ అడుగుతున్నారనీ, తాను ఇంట్లో నాలుగుసార్లు చేసి నాలుగుసార్లూ పారబోశాననీ చెప్పింది. తర్వాత కూడబలుక్కోని మాట వచ్చింది.

"రుచి కుదరలేదని కాదు మిస్ అసుంతా. అమ్మ పక్కన ముప్పై ఏళ్ళు గరిటె పట్టాను. శుక్రవారం పొద్దున ఆ ఒక్క గంటా నన్ను బయటికి పంపి గడియ వేసుకునేది. పోయే ముందు రోజు కూడా అడిగాను. మొహం గోడ వైపు తిప్పుకుంది. నా చేతిలో ఏం దోషముందని? అది తెలియకుండా నేను హోటల్లో ఆ పొయ్యి వెలిగించలేను."

 ముసలామె లేచి, గోడకు వేలాడుతున్న ఇనప పెనం దించింది.

రెండు రోజుల నాటి రొట్టెను బొటనవేలంత మందాన కోసింది. పెనం మీద చుక్క నూనె వెయ్యకుండా, రెండు వైపులా నల్లచారలు పడేదాకా కాల్చింది. ఆ పక్కనే చిన్న గిన్నెలో పొగబెట్టిన పంది మాంసం ముక్కలు సన్నసెగన కరుగుతున్నాయి. కాలిన రొట్టె గరుకు మీద పచ్చి వెల్లుల్లి రెబ్బ పెట్టి రుద్దింది. రెబ్బ అరిగి అరిగి రొట్టెలోకి మాయమైపోయింది.

"నువ్వు వెల్లుల్లి కొవ్వులో వేస్తున్నావు, కదూ?" అని ఇటు తిరగకుండానే అడిగింది.

"అవును. మీకెలా తెలుసు?"

ముసలామె వీపు కర్రలా బిగుసుకుంది. "వెయ్యకు. ఎప్పుడూ వెయ్యకు. వెల్లుల్లి రొట్టెకు తగలాలి గాని కొవ్వుకు తగలకూడదు."

అప్పుడే కరిగిన కొవ్వు వేడివేడిగా పూసి, పైన బొబ్బర్లు పెట్టింది. సగం మెదిపినవి, సగం మెదపనివి. మిరపకాయలు ఊరిన వినెగర్ నాలుగు చుక్కలు, జొన్న పానకం దారం పోగంత. బల్ల మీద పెట్టి, తినమని గడ్డంతో సైగ చేసింది.

వెర్లీన్ కొరికింది. అదే. తల్లి ఇంకా బతికి, పక్క గదిలో ఎవరినో తిడుతున్నట్టే ఉంది.

"ఇది ఎవరి వంట?" అని అడిగింది.

దీని మీద మీ అమ్మకూ నాకూ ఎప్పుడూ తగవేనని అసుంతా చెప్పుకొచ్చింది. రొట్టె కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి తినడం వాళ్ళ వాళ్ళ అలవాటు. బ్రుస్కెట్టా అంటారు. పెళ్ళయి ఈ బురదలోకి వచ్చాక ఆలివ్ నూనె కళ్ళపడలేదు. పత్తిగింజల నూనె పోస్తే రొట్టె దీపపు వత్తిలా ఉండేది. ఒకరోజు వాగు ఒడ్డున బట్టలు ఉతుకుతూ ఆ బాధ చెప్పుకుంటే, ఓజెల్లా విని, ఇంటికి వెళ్ళి, పొయ్యి పక్కన ఉండే కొవ్వు డబ్బా పట్టుకొచ్చింది. మాంసం వేయించినప్పుడల్లా మిగిలిన కొవ్వు వంచి దాచుకునే డబ్బా అది. అక్కడ ఉన్నవాళ్ళైనా లేనివాళ్ళైనా ప్రతి ఇంట్లో ఉండేది. మరునాడు, రొట్టె పైన వేసే టమాటాలు ఎండకు మాడిపోయి ఉంటే, వాటి బదులు బొబ్బర్లు మెదిపి తెచ్చింది. ఆ రోజు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఎనిమిది ముక్కలు తిన్నారు. వాగుకు ఇటుపక్క రొట్టె, అటుపక్క బొబ్బర్లు.

"రొట్టె నాది, పైదంతా దానిది. మీది సగం, మాది సగం అని నేనంటే, పైన ఉన్నదే కనబడేది కాబట్టి మొత్తం మాదే అనేది మీ అమ్మ."

ఆ మాట చెప్పేటప్పుడు ముసలామె పెదవి ఒక పక్కకు వంగింది. మళ్ళీ వెంటనే సర్దుకుంది.

"మరి తెగిపోవడం ఎందుకు?"

"మీ నాన్న ఎలా పోయాడని చెప్పింది మీ అమ్మ?"

"పక్షవాతం. నాకు ఆరేళ్ళు."

"ఏం గుర్తుంది?"

వెర్లీన్‌కు గుర్తున్నది కొంచెమే. మంచం మీద పడుకున్న నాన్న కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. ఆమె దగ్గరికి వెళితే నవ్వే ప్రయత్నం చేసి, ఇద్దరు వెర్లీన్‌లు వచ్చారే, ఒక్కదాన్నే సాకలేక చస్తున్నా, అన్నాడు. నాన్న తనతో ఆడిన చివరి పరిహాసం అది. నలభై ఏళ్ళు దాన్ని భద్రంగా దాచుకుంది. ఎవరైనా నాన్న గురించి అడిగితే అదే చెప్పేది.

విని అసుంతా కళ్ళు మూసుకుంది.

"అది పరిహాసం కాదు పిల్లా. అతనికి నిజంగానే ఇద్దరు కనబడ్డారు."

వాన చూరు మీంచి ఒకే చోట పడుతోంది. ముసలామె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. యాభై ఎనిమిది ఆగస్టు. పత్తికి నీళ్ళు తోడే ఇంజను దగ్గర లూషస్ టేట్, అసుంతా కొడుకు ఆల్డో కలిసి పని చేస్తున్నారు. ఆల్డోకు పదిహేనేళ్ళు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే మూట విప్పి తిన్నారు. ఓజెల్లా ఇంటి రొట్టె, కొవ్వు పూసింది. మర్నాడు సాయంత్రానికి లూషస్‌కు చూపు రెండుగా చీలింది. నాలుక మడతపడింది. మింగితే నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. వాగుకు ఇటుపక్క ఆల్డోకు కూడా అదే.

"మా వాణ్ణి పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పోలియో అన్నారు. గొంతు కోసి గొట్టం పెట్టారు. ఊపిరి పోసే ఇనప పెట్టెలో పడుకోబెట్టారు, నలభై రెండు రోజులు. మీ నాన్నను కూడా అక్కడికే తీసుకుపోయింది మీ అమ్మ. మీ నల్లవాళ్ళకు వేరుగా, వెనక వైపు రెండే మంచాలుండేవి. రెండూ నిండాయన్నారు. తిరిగి తీసుకొచ్చింది. మూడో రోజు తెల్లవారేసరికి ఊపిరి ఆగింది. పక్షవాతమని రాసిచ్చింది వేరే డాక్టరు. మా వాణ్ణి చూసిన డాక్టరు మీ నాన్నను చూడలేదు. మీ నాన్నను చూసిన డాక్టరు మా వాణ్ణి చూడలేదు. రెండూ ఒకటేనని ఎవరికి తెలుస్తుంది?"

"మీకెలా తెలిసింది?"

"కోళ్ళు చెప్పాయి."

భర్తను పాతిపెట్టి వచ్చిన రోజు ఓజెల్లా ఇల్లంతా కడిగింది. కొవ్వు డబ్బాలో అడుగున మిగిలింది గీకి పెరట్లో పారబోసింది. కోళ్ళు పొడుచుకు తిన్నాయి. మర్నాడు పొద్దున పదకొండు కోళ్ళు పెరట్లో పడి ఉన్నాయి. కాళ్ళూ రెక్కలూ బాగానే ఉన్నాయి, మెడలు మాత్రం నిలబడడం లేదు. గుడ్డపీలికల్లా మట్టి మీద వాలిపోయి, కళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. కుళ్ళింది తిన్న కోడికి అలా మెడ వాలుతుందని ఆ పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఓజెల్లా వాగు ఒడ్డుకు వచ్చి పేరు పెట్టి పిలిచింది. అసుంతా నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళింది. ఇద్దరూ ఆ పెరట్లో నిలబడి కోళ్ళను చూశారు. గీకిన మడ్డిలో మెత్తబడిన వెల్లుల్లి రెబ్బలు ఉన్నాయి.

అది మట్టిలో ఉండే ఏదో పురుగని, వెల్లుల్లికి అంటుకుని వస్తుందని, గాలి తగలకుండా కొవ్వులో మునిగి, పొయ్యి పక్క వెచ్చదనంలో వారం పది రోజులుంటే విషం కక్కుతుందని చాలా ఏళ్ళ తర్వాత అసుంతా చదివి తెలుసుకుంది. ఆ కొవ్వుతో వండిన కూరలన్నీ కుతకుతా ఉడికాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రొట్టెకు మాత్రం పచ్చిగా పూశారు.

వెర్లీన్ చేతిలోని ముక్క పళ్ళెంలో పెట్టింది. ఆమెకు ఒక్కొక్కటే అర్థమవుతోంది. రొట్టె కట్టిన కాగితం కూడా మడిచి దాచుకునే తల్లి, శుక్రవారం మిగిలిన కొవ్వును మాత్రం పెరట్లో గొయ్యి తవ్వి ఎందుకు పూడ్చేదో అర్థమైంది. కొవ్వులో వెల్లుల్లి వేసి దాచడం తమ ఇళ్ళలో లేదు. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు.

"వెల్లుల్లి నూనెలో వేసి దాచడం మీ ఇటలీ వాళ్ళ అలవాటు" అంది. "మా అమ్మకు ఆ అలవాటు లేదు."

"లేదు."

"అంటే మా అమ్మ డబ్బాలో వేసింది మీరు."

ముసలామె తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూసుకుంది. "మా ఆల్డో కూడా అదే అడిగాడు, పాతికేళ్ళు నిండాక. ఎక్కడో చదివాడు. అవునన్నాను. ఆ రోజు ఆ కుర్చీలోంచి లేచి పోయాడు. ప్రతి మంగళవారం సరుకులు తెచ్చి వరండాలో పెడతాడు. చూరు బాగుచేస్తాడు. నా చేతి కూడు మాత్రం ముట్టడు. ముప్పై ఏళ్ళు. నువ్వూ అలాగే అనుకుని వెళ్ళు. కోపం ఉంటే తిట్టి వెళ్ళు. నేను వింటాను."

వెర్లీన్ లేచింది. కోటు తీసుకుంది. తిట్టడానికి నోట్లో మాటలున్నాయి. మా నాన్నకు మంచం దొరకలేదు, మీ కొడుక్కి యంత్రం దొరికింది, అని అడగాలనుకుంది. తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పొలంలో పెరిగిన మనిషి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడకుండా గట్టు దాటదు. ఆమె చెప్పిన దాంట్లో ఒకచోట నీళ్ళు ఎదురు పారుతున్నాయి.

"మీరు వేసి ఉంటే, అమ్మ తలుపు మీకు వెయ్యాలి. నాకెందుకు వేసింది?"

అసుంతా బల్ల మీది రొట్టె పొడి చేత్తో ఒక పక్కకు ఊడ్చింది.

"వెల్లుల్లి మా ఇంట్లో తాళం పెట్టెలో ఉండేది. తెలుసా మీకు? చక్కెర బయట, వెల్లుల్లి లోపల. చిన్నప్పుడు నేను ముట్టుకుంటే నా చేతులు సబ్బుతో తోమేది, తోలు ఊడేలా. మీ మీద కోపానికి నా చేతులెందుకు తోముతుంది?"

"కూర్చో పిల్లా."

"చెప్పండి."

"నేను చెప్పనని మీ అమ్మకు మాట ఇచ్చాను."

"అమ్మ పోయింది."

"మాట పోలేదు." అంది గాని, ముసలామె గొంతులో ఇంతసేపూ ఉన్న బిగువు సడలింది. వెర్లీన్ వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ వేసవి అంతా నువ్వు నా వెనకే తిరిగేదానివి. నేను పిండి కలిపితే నువ్వు మట్టి కలిపేదానివి. నేను పాట పాడితే మాటలు రాకపోయినా పాడేదానివి. చిన్న అసుంతా అని మీ నాన్న ఏడిపించేవాడు. వెల్లుల్లి దాచే రోజు ఈ బల్ల మీదే కూర్చున్నావు. నేను మూడు రోజులు వినెగర్‌లో ఊరబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనెలో వేస్తాను. పులుపు పట్టిన దానిలో ఆ విషం పుట్టదు. మా అమ్మ అలా చేసేది, వాళ్ళమ్మ అలా చేసేది. ఆ మూడు రోజులూ నువ్వు చూడలేదు. నూనెలో వెయ్యడం ఒక్కటే చూశావు."

వెర్లీన్ తలుపు చట్రం పట్టుకుంది.

"వెళ్తూ వెళ్తూ ఒక గడ్డ అడిగావు. ఇచ్చాను. ఇచ్చింది నేనే. అది గుర్తుంచుకో."

ఆ తర్వాతది చెప్పకుండానే వెర్లీన్‌కు కనబడింది. కొత్తగా కనబడలేదు. ఎప్పుడూ అక్కడే ఉన్నది, మీద గుడ్డ తీసినట్టు కనబడింది. స్టూలు ఎక్కి నిలబడ్డ తను. పొయ్యి పక్క డబ్బా. వేళ్ళకు అంటిన పేరిన కొవ్వు, ఒక్కొక్క రెబ్బా లోపలికి నొక్కుతుంటే మెత్తగా దిగిపోవడం, పైన మళ్ళీ నున్నగా చెయ్యడం. ఎవరికీ చెప్పకూడదు. నాన్న తిని, ఎంత బాగుందో అని ఆశ్చర్యపోవాలి.

గిన్నెలో కొవ్వు చల్లారి తెల్లబడుతోంది.

కోళ్ళ దగ్గర నిలబడినప్పుడే ఇద్దరూ అర్థం చేసుకున్నారని, పిల్లకు ఈ మాట ఎప్పటికీ తెలియకూడదని అక్కడే అనుకున్నారని అసుంతా చెప్పింది. ఎవరైనా ఎప్పుడైనా ఆరా తీస్తే, వేసింది అసుంతాయే. ఆ మాట అసుంతా తానే అంది, ఓజెల్లా అడగలేదు. ఓజెల్లా అడిగింది ఇంకొకటి. ఇక నువ్వు వాగు దాటి రావద్దు, నేనూ రాను, అంది. నీ చేతులు చూస్తే పిల్లకు గుర్తొస్తుంది, అంది. అదీ తెగిపోవడం. తగవు లేదు. ఒక్క మాట విసురుకోలేదు. పిల్ల నిద్రలేచే వేళయిందని ఓజెల్లా లోపలికి వెళ్ళిపోయింది.

"మరి ఆ రొట్టె చెయ్యడం ఎందుకు మానలేదు అమ్మ? దాని మొహం చూడాలని ఎలా అనిపించింది?"

"మానింది. ఏడాది మానిందని హాటీయే చెప్పింది. రొట్టె ఏదమ్మా, ఎందుకు చెయ్యవమ్మా అని నువ్వు పీక్కు తిన్నావట. మానేస్తే నువ్వు ఎందుకని ఆలోచిస్తావని మళ్ళీ మొదలెట్టింది. నీకు ఆలోచన రాకుండా నలభై ఏళ్ళు ఆ రొట్టె కాల్చింది."

వెర్లీన్ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏడుపు రాలేదు. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, బల్ల మీద పెట్టింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. దోషం ఏమిటో తెలిస్తే పొయ్యి వెలిగించవచ్చనుకుని వచ్చింది. ఇప్పుడు తెలిసింది.

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. ఆ రోజు మంగళవారమని ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అసుంతా చెయ్యి బల్ల మీదుగా వచ్చి వెర్లీన్ మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆ వేళ్ళలో ఉంటుందని వెర్లీన్ అనుకోలేదు.

"వాడికి చెప్పకు. నాకు అలవాటైపోయింది. నువ్వు మోయలేవు."

వరండాలో సరుకుల సంచీ పెట్టిన చప్పుడు. ఎప్పుడూ అక్కడినుంచే వెనక్కి పోయే అడుగులు, వాకిట్లో వేరే కారు చూసి కాబోలు, తలుపు దాకా వచ్చాయి. ఆల్డో పియెరీని యాభై అయిదేళ్ళ మనిషి. భుజాలు తడిసి ఉన్నాయి. గొంతు గుంటలో గొట్టం పెట్టిన మచ్చ, పాత నాణెంలా. మాట ఆ మచ్చలోంచి వచ్చినట్టు బొంగురుగా వస్తుంది. అతని చూపు ముందు వెర్లీన్ మీద, తర్వాత పళ్ళెంలో కొరికిన రొట్టె మీద పడింది.

"అది తినకు వెర్లీన్" అన్నాడు. "నీకు తెలియని సంగతి ఒకటుంది."

"తెలుసు మిస్టర్ ఆల్డో. ఇప్పుడే తెలిసింది." మణికట్టు మీద పట్టు బిగిసింది. వెర్లీన్ మెల్లగా ఆ వేళ్ళు విడదీసింది. "మీ అమ్మగారు కాదు. ఆ డబ్బాలో వెల్లుల్లి వేసింది నేను. ఆరేళ్ళప్పుడు. ఈ చేత్తోనే."

"దాని మాట నమ్మకు" అంది అసుంతా వెంటనే. "మొన్ననే తల్లిని పాతిపెట్టింది. మనసు మనసులో లేదు. వేసింది నేను. నీకు ముప్పై ఏళ్ళ కిందటే చెప్పాను."

"ఆవిడ అబద్ధం చెబుతున్నారు."

"నువ్వు నోరు మూసుకో పిల్లా."

ఆల్డో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. టోపీ తీశాడు. నీళ్ళు కారుతున్నా దులపలేదు. మూడో కుర్చీ మీది పత్రికలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టి, అందులో కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం చూసి అసుంతా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, నేను నీ చేతి కూడు తిననిది నీ మీద కోపంతో అనుకున్నావా ఇన్నేళ్ళూ?"

టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇంజను పనికి పోదామని ఆ పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి లూషస్ బూట్లు వేసుకుంటున్నాడు. ఓజెల్లా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆలస్యమవుతోంది, నువ్వే రొట్టెలకు కొవ్వు పూసి మూట కట్టరా అన్నాడు నాతో" అని, పళ్ళెంలోని రొట్టె వైపు చూశాడు. "డబ్బా మూత తీసింది నేను. మూత తియ్యగానే వాసన వచ్చింది. అయినా పూశాను, ఆ మాట నీకు చెప్పలేక నీ బల్ల దగ్గర కూర్చోలేకపోయాను."